గాలి బలంతో ముడుచుకునే చక్రాలు: మోడల్ విమానాల ఎయిర్ రిట్రాక్ట్‌ల సంరక్షణ

రేడియో కంట్రోల్ మోడల్ విమానాల్లో కాస్త పెద్దవాటికి, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధకాలపు ఫైటర్లకూ జెట్‌లకూ నమూనాలుగా చేసినవాటికి, చక్రాలు నిజం విమానాల్లో లాగే పైకి లేచాక లోపలికి ముడుచుకుంటాయి. ముడిచే బలం మూడు రకాలుగా రావచ్చు. ఒక సర్వో మోటారు కడ్డీలతో లాగవచ్చు, ప్రతి కాలిలోనూ చిన్న విద్యుత్ మోటారు ఉండవచ్చు, లేదా ముందే ట్యాంకులో కొట్టి ఉంచిన గాలి ఆ పని చేయవచ్చు. ఈ మూడో రకాన్నే మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లు ఎయిర్ రిట్రాక్ట్స్ అంటారు. అమెరికాలో రోబార్ట్ వంటి కంపెనీల పేరు వీటితోనే ముడిపడింది. చిన్న మోడళ్లలో ఇప్పుడు విద్యుత్ రిట్రాక్ట్‌లు వీటి స్థానాన్ని చాలావరకు ఆక్రమించినా, బరువైన పాత మోడళ్లలో గాలి పద్ధతి ఇంకా నిలిచే ఉంది. తక్కువ బరువులో ఎక్కువ బలం, కాలు ఒక్క ఊపున కాకుండా నెమ్మదిగా నిజం విమానంలా ముడుచుకోవడం దీని గుణాలు. లోపం ఒక్కటే: ట్యాంకులో గాలి ఉన్నంతసేపే ఇది పనిచేస్తుంది. అందుకే ఎయిర్ రిట్రాక్ట్‌ల సంరక్షణలో ముప్పాతిక వంతు గాలిని కాపాడుకోవడమే. మిగిలిన పావు వంతు నేలకు సంబంధించినది.

పూర్తి పరిమాణపు విమానాల్లో చక్రాలను ముడవడానికి ఎక్కువగా వాడేది హైడ్రాలిక్ నూనె. నూనె నొక్కుకుపోదు గనుక పిస్టన్ ఎంత కదలాలో అంతే కదులుతుంది. అయినా గాలినే నమ్ముకున్న విమానాలు లేకపోలేదు. 1961 నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానంలో ల్యాండింగ్ గేర్, బ్రేకులు, ముందు చక్రం తిప్పడం అన్నీ సంపీడన గాలితోనే జరిగేవి. రష్యన్ శిక్షణ విమానం యాక్-52 కూడా అలాంటిదే. అందులో ప్రధాన గాలి సీసాతోపాటు అత్యవసరానికి విడిగా మరో సీసా ఉంటుంది. చక్రాలు ముడిచినా కొంత బయటికే కనిపిస్తాయి కాబట్టి, పొరపాటున వాటిని దించకుండా దిగినా నష్టం తక్కువ. గాలిని నమ్ముకుంటే ఏమేం ముందుచూపు అవసరమో ఈ రెండు ఏర్పాట్లే చెబుతున్నాయి. మోడల్ విమానానికీ ఇవే వర్తిస్తాయి.

ఇక నేల సంగతికి వస్తే, ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నది సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతాన్ని. అక్కడికి విమానాలు కొత్త కాదు. పడమటి దిక్కున ఆకాశమార్గంలో 30 కిలోమీటర్ల దూరంలో బీదర్ వైమానిక స్థావరం ఉంది. 2008 నుంచి హాక్ జెట్ శిక్షణ విమానాలు అక్కడి నుంచే ఎగురుతున్నాయి. సూర్యకిరణ్ విన్యాస బృందానికీ అదే సొంతగూడు. మోడల్ విమానం ఎగరేయదలచినవారు ఆ పొరుగును దృష్టిలో పెట్టుకుని, ఎంచుకున్న చేను ఏ గగనతల మండలంలో పడుతుందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ముందే చూసుకోవాలి. అది తేలాక మిగిలే ప్రశ్న నేలది. నల్లరేగడి, ఎర్ర చల్క పక్కపక్కనే ఉండే ఈ ప్రాంతంలో ఎండాకాలం మెత్తటి దుమ్ము, వానాకాలం జిగట బంక, రేగడిలో నెర్రెలు, పత్తి కోశాక మిగిలే మోళ్లు ఉంటాయి. గాలి జారకుండా ఆపే సున్నితమైన రబ్బరు ఓ-రింగులతో, సన్నటి ట్యూబులతో నడిచే యంత్రాంగానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష దొరకదు.

గాలి ఎటు పోతుంది, ఎంత పోతుంది

మొత్తం ఏర్పాటు చూడడానికి సులువే. పొట్టలో ఒక చిన్న గాలి ట్యాంకు ఉంటుంది. బయటి నుంచి గాలి కొట్టడానికి ఒక ఫిల్లర్ వాల్వు, దాని పక్కన ఒక చిన్న గేజి. ట్యాంకు నుంచి ట్యూబు కంట్రోల్ వాల్వుకు వెళ్తుంది. ఆ వాల్వును ఒక సర్వో అటూ ఇటూ జరుపుతుంది. అక్కడి నుంచి రెండు వరుసల ట్యూబులు బయలుదేరతాయి, ఒకటి కాళ్లు ముడవడానికి, రెండోది దించడానికి. ఒక్కో వరుస టీ-ఫిట్టింగుల దగ్గర చీలి మూడు కాళ్ల సిలిండర్లకూ చేరుతుంది. సిలిండరులో పిస్టన్‌కు ఒకవైపు గాలి నిండుతుంటే రెండోవైపు ఉన్న గాలి వాల్వులోని చిన్న రంధ్రం గుండా బయటికి పోతుంది. రెండు వరుసలకు రెండు రంగుల ట్యూబులు వాడితే తర్వాత లీకు వెతికేటప్పుడు ఎంతో శ్రమ తగ్గుతుంది.

సాధారణంగా ట్యాంకును 100 పీఎస్‌ఐ వరకు నింపుతారు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 7 కిలోల ఒత్తిడి. కారు టైరులో ఉండేదానికి ఇది సుమారు మూడు రెట్లు. 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల సిలిండరులో పిస్టన్ వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. 100 పీఎస్‌ఐ దగ్గర అది 78 న్యూటన్ల బలంతో, అంటే 8 కిలోల బరువుతో సమానంగా నెడుతుంది. ఒత్తిడి 60 పీఎస్‌ఐకి దిగితే ఆ బలం 47 న్యూటన్లే. రాడ్ ఉన్న వైపు నుంచి నెట్టేటప్పుడు రాడ్ ఆక్రమించిన చోటు తీసేయాలి గనుక బలం ఇంకొంచెం తగ్గుతుంది.

లీకు అసలే లేకపోయినా ప్రతి కదలికకూ కొంత గాలి ఖర్చవుతుంది. ఎంతో లెక్కవేయడం కష్టమేమీ కాదు. 100 మిల్లీలీటర్ల ట్యాంకు, ఒక్కోటి 25 మిల్లీమీటర్లు కదిలే మూడు సిలిండర్లు ఉన్నాయనుకుంటే, ఒక కదలికకు మూడూ కలిసి 8.5 మిల్లీలీటర్ల చోటు నింపాలి. దాంతో గేజి మీది ఒత్తిడి ప్రతిసారీ 100ను 108.5తో భాగించినంత నిష్పత్తిలో పడుతుంది. 100 దగ్గర మొదలైతే కాళ్లు ముడవగానే 92, దించగానే 85. రెండోసారి ముడిచి దించితే 78, 72. మూడోసారికి 67, 61. ట్యూబుల లోపలి చోటు కూడా కలుపుకుంటే ఇంకాస్త తక్కువే మిగులుతుంది. తయారీదారు చెప్పిన కనీస ఒత్తిడి 60 అయితే, చిన్న లీకు కూడా లేని మోడల్‌కు సైతం ఒకసారి నింపిన గాలి మూడు విడతలకు మించి రాదు. రన్‌వే మీదుగా పోతూ సరదాకు కాళ్లు ఆడించి చూపే అలవాటుకు ఈ లెక్కలో చోటు లేదు. చివరి దిగుడుకు ఎంత మిగిలింది అన్నదే ముఖ్యం. గాలితో పనిచేసే చక్రాల బ్రేకులు కూడా ఉంటే వాటికి వేరే ట్యాంకు పెట్టడం మంచిది.

ఒత్తిడి తగ్గితే జరిగే అసలు నష్టం తాళం పడకపోవడం. కాలు తిరిగే ఇరుసుకు అమర్చిన చేతిలో ఒక గాడి ఉంటుంది. పిస్టన్ రాడ్ చివరనున్న పిన్ను ఆ గాడిలో జారుతూ కాలిని తిప్పుతుంది. ప్రయాణం చివర గాడి వంపు తిరుగుతుంది. పిన్ను ఆ వంపులోకి పూర్తిగా దూరాక, నేల నుంచి వచ్చే తోపుడు గాడి గోడకు తగిలి అక్కడే ఆగిపోతుంది, పిస్టన్ దాకా రాదు. అప్పటి నుంచి కాలిని నిలబెట్టేది లోహం, గాలి కాదు. పిన్ను వంపుకు ఒక మిల్లీమీటరు ఇవతల ఆగినా ఆ రక్షణ ఉండదు. కాలు పూర్తిగా దిగినట్టే కనిపిస్తుంది, చక్రం నేలను తాకగానే మడతపడిపోతుంది. బల్ల మీద పెట్టి చూసినప్పుడు కాళ్లను చేత్తో వెనక్కి నెట్టి చూడడం ఇందుకే. తాళం పడిన కాలు కదలదు, పడనిది మెత్తగా వెనక్కి పోతుంది.

బల్ల మీద తాళం పడిన కాలికి ఎగిరేటప్పుడు పడకపోవడమూ ఉంది. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంలో చదరపు మీటరుకు 220 న్యూటన్లు ఉండేది, 40 మీటర్ల వేగానికి 880కి చేరుతుంది. ముందుకు తెరుచుకునే కాలికి తలుపు రేకు కూడా అతికి ఉండి, గాలికి ఎదురయ్యే వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఆ 40 మీటర్ల వేగంలో దాని మీద 9 న్యూటన్ల తోపుడు పడుతుంది. ఆ తోపుడు ఇరుసుకు 8 సెంటీమీటర్ల కింద పనిచేస్తే 0.7 న్యూటన్-మీటర్ల మెలి. పిస్టన్ పనిచేసే చేయి పొడవు ఒక సెంటీమీటరే కాబట్టి నిండు ట్యాంకు ఇవ్వగలిగినది 0.78. అంటే బొటాబొటి. 60 పీఎస్‌ఐ దగ్గర అది 0.47కు పడిపోతుంది, కాలు సగంలో ఆగుతుంది. అదే వేగాన్ని సగానికి తగ్గిస్తే ఎదురు మెలి 0.18 మాత్రమే. కాళ్లు దించే ముందు థ్రాటిల్ తగ్గించి ఒక చుట్టు తిరగడం వల్ల ట్యాంకు గాలికి ఉన్న బలం నాలుగింతలైనట్టు లెక్క. రెక్కల వైపు పక్కకు ముడుచుకునే కాళ్లకు ఈ ఇబ్బంది అంతగా లేదు, తలుపు రేకు గాలికి అంచు చూపిస్తుంది.

లీకు వెతకడం

గాలి కొట్టి, కాళ్లు దించి ఉంచి, గేజి మీది అంకె రాసుకుని గంట తర్వాత మళ్లీ చూడాలి. ఆ తర్వాత కాళ్లు ముడిచి అదే పరీక్ష మళ్లీ చేయాలి. రెండు స్థితుల్లో ఒత్తిడి ఉండే ట్యూబులు వేరు, సిలిండర్ల గదులు వేరు. ఒక స్థితిలో బిగువుగా ఉన్న మోడల్ రెండో స్థితిలో పది నిమిషాలకే ఖాళీ కావచ్చు. గంటకు ఐదారు పీఎస్‌ఐకి మించి పోతే వెతకడం మొదలుపెట్టాలి.

అయితే గేజి తగ్గిన ప్రతిసారీ లీకే అనుకోనక్కర్లేదు. మూసి ఉన్న గాలి చల్లబడితే ఒత్తిడి దానంతటదే పడుతుంది. ఈ జిల్లాలో పుష్యమాసపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో, అంతకంటే కిందికో పోవడం అరుదు కాదు. సాయంత్రం 28 డిగ్రీల వేడిలో 100 పీఎస్‌ఐ నింపిన ట్యాంకు, ఒక్క బుడగ కూడా పోకుండానే, పొద్దున 10 డిగ్రీల దగ్గర 93 చూపిస్తుంది. ఎండ ఎక్కాక మళ్లీ 100కు వస్తుంది. పొద్దున 93కు బదులు 80 కనిపిస్తేనే ఎక్కడో గాలి పోతోందని అర్థం. చలికి ఇంకో ప్రభావం కూడా ఉంది. ఓ-రింగు రబ్బరు కొంచెం బిర్రబిగుసుకుని, కొంచెం కుంచించుకుని, పగలు ఆపగలిగిన గాలిని పొద్దున ఆపలేకపోతుంది. ఇది పాతబడిన రింగులలో ఎక్కువ. చలికాలం పొద్దుటి పూట ఎగరేసేవాళ్లు పరీక్ష కూడా ఆ చలిలోనే చేయాలి.

లీకు చోటు పట్టుకోవడానికి సబ్బు నురుగును మించినది లేదు. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతారు గాని మోడల్‌ను ముంచడానికి వీల్లేదు. చిక్కటి సబ్బు నీళ్లను సన్నటి కుంచెతో ఫిల్లర్ వాల్వు, టీ-ఫిట్టింగులు, సిలిండరు నిపుళ్లు, రాడ్ బయటికి వచ్చే చోటు, వాల్వు రంధ్రం ఒక్కోదానికీ రాసి ఆగి చూడాలి. పెద్ద లీకు చిటపటమంటూ బుడగలు లేపుతుంది. చిన్న లీకుకు రెండు మూడు నిమిషాల్లో తెల్లటి నురుగు గుత్తి పేరుకుంటుంది. నీళ్లు సర్వోలకూ రిసీవరుకూ తగలకుండా గుడ్డ అడ్డుపెట్టి, పని కాగానే తుడిచేయాలి.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది వాల్వు రంధ్రం దగ్గర వచ్చే బుడగలు. వాల్వే చెడిందనిపించి చాలామంది దాన్ని మారుస్తారు, అయినా లీకు పోదు. ఏదో ఒక సిలిండరులో పిస్టన్ రింగు అరిగి, గాలి నిండిన వైపు నుంచి ఖాళీ వైపుకు జారి, అక్కడి నుంచి రెండో వరుస ట్యూబుల్లో తిరిగొచ్చి వాల్వు రంధ్రంలోంచి పోతుంటే కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. తేల్చుకునే పద్ధతి ఒకటుంది. కాళ్లు దించి, దించే వైపు ఒత్తిడి ఉన్నప్పుడు, ముడిచే వైపు ట్యూబులను మూడు సిలిండర్ల నుంచీ ఊడదీయాలి. అటువైపు ఒత్తిడి లేదు గనుక ప్రమాదం లేదు. ఖాళీగా తెరుచుకున్న మూడు నిపుళ్ల మీద ఒక్కో నురుగు చుక్క పెడితే, ఉబ్బిన చుక్క ఏ సిలిండరు మీదదో ఆ పిస్టన్ రింగే దొంగ. మూడూ ఉబ్బకుండా వాల్వు రంధ్రం దగ్గర ఇంకా బుడగలు వస్తుంటే అప్పుడు వాల్వును విప్పవచ్చు.

ట్యూబు కొసల లీకులు నిర్లక్ష్యంగా కోయడం వల్ల వస్తాయి. కత్తెరతో కోస్తే కొస నలిగి కోలగా అవుతుంది. పదునైన బ్లేడుతో నిట్టనిలువుగా కోసి, నిపుల్ మీదికి పూర్తిగా తోయాలి. ఊడదీసేటప్పుడు గట్టిగా లాగితే నిపుల్ మీద గీత పడుతుంది, ఆ గీతలోంచి జీవితాంతం గాలి పోతుంది. అందుకని ట్యూబును బ్లేడుతో పొడవుగా చీల్చి తీసేవారూ ఉన్నారు. అప్పుడు బ్లేడు నిపుల్‌కు తగిలి అదే గీత పడుతుంది. కొసను కాస్త వెచ్చబెట్టి మెలితిప్పుతూ తీసి, పాత కొసను ఒక సెంటీమీటరు కోసి పారేయడమే మేలు. అందుకు వీలుగా ప్రతి ట్యూబునూ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగానే వదలాలి. సైలెన్సరు పక్క నుంచి ట్యూబు పోకూడదు, రెక్క కలిసే చోట నలగకూడదు, కాలు తిరిగే దారిలో రాసుకోకూడదు.

దుమ్ము, నీరు, నూనె

రేగడి దుమ్ము వేళ్ల మధ్య పిండిలా మెత్తగా అనిపించినా అందులో గట్టి రేణువులు ఉంటాయి. ప్రొపెల్లరు విసిరే గాలికి లేచి, తెరిచి ఉన్న చక్రాల గూళ్లలోకి వెళ్లి, నూనె తడి ఉన్న పిస్టన్ రాడ్ మీద అంటుకుంటుంది. తర్వాతి కదలికలో రాడ్ లోపలికి పోయేటప్పుడు ఆ రేణువులు ఓ-రింగు పెదవి కిందికి చేరతాయి. రింగు మెత్తనిది గనుక రేణువు అందులో పొదుగుకుని, అక్కడి నుంచి రాడ్‌ను గీకుతుంది. గీత పడిన రాడ్ కొత్త రింగును కూడా కొద్ది రోజుల్లో కోసేస్తుంది. దుమ్ము నేలల మీద ఎగిరే మోడళ్లలో సిలిండర్ల ఆయుష్షు తగ్గడానికి దెబ్బల కంటే ఇదే పెద్ద కారణం.

నివారణ సులువైనదే. ఎగరేయడం అయ్యాక మెత్తటి బ్రష్షుతో గూళ్లలోని దుమ్ము దులిపి, పిస్టన్ రాడ్లను పొడి నూలు గుడ్డతో తుడవాలి. కంప్రెసర్ గాలిని సిలిండరు మూతి వైపు ఊదకూడదు, బయట ఉన్న దుమ్మును అదే లోపలికి తోస్తుంది. రాడ్ మీద గ్రీజు దట్టంగా పూయడం ఈ నేలల్లో పనికిరాదు, గ్రీజు దుమ్మును పట్టి ఉంచి రుబ్బుడు ముద్దలా మారుస్తుంది. సిలిండరు లోపలికి మాత్రం కొన్ని చుక్కల పల్చటి సిలికోన్ నూనె చాలు. నిపుల్ ట్యూబు ఊడదీసి, ఒక చుక్క వేసి, ట్యూబు పెట్టి, తక్కువ ఒత్తిడిలో కొన్నిసార్లు కాలు ఆడిస్తే నూనె రింగు చుట్టూ పరుచుకుంటుంది. రింగు ఏ రబ్బరుతో చేసిందో తెలుసుకుని నూనె ఎంచుకోవాలి. నల్లటి నైట్రైల్ రబ్బరు సిలికోన్ నూనెకు తట్టుకుంటుంది. సిలికోన్ రబ్బరు రింగయితే అదే నూనెలో ఉబ్బిపోతుంది.

నీటి సంగతి వానాకాలంలో గుర్తుకు రావాలి. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 100 మిల్లీలీటర్ల ట్యాంకును 100 పీఎస్‌ఐకి నింపాక అందులో కుక్కి ఉండేది దాదాపు 790 మిల్లీలీటర్ల బయటి గాలి. ఆ గాలితో 17 మిల్లీగ్రాముల నీరు లోపలికి వస్తుంది. అంత ఇరుకు చోటు ఆ వేడిలో ఆవిరిగా నిలుపుకోగలిగినది మూడు మిల్లీగ్రాములే. మిగిలిన 14 మిల్లీగ్రాములు ట్యాంకు గోడల మీద తడిగా పేరుకుంటాయి. నాలుగైదు సార్లు నింపితే ఒక చుక్క. కొంత గాలితోపాటు బయటికి పోయినా, మిగిలింది వాల్వులోకి చేరి లోపలి కదిలే భాగాన్ని తుప్పుతోనో జిగటతోనో పట్టేస్తుంది.

అందుకే గాలి ఎక్కడ కొట్టిస్తున్నారన్నది చూసుకోవాలి. బస్టాండు దగ్గరి పంక్చర్ షాపు కంప్రెసర్‌లో అడుగున నీళ్లు, గాలిలో ఇంజన్ నూనె తుంపర, పైప్ కొసలో రోడ్డు దుమ్ము కలిసి ఉంటాయి. లారీ టైరుకు వాటితో ఏ నష్టమూ లేదు, మూడు మిల్లీమీటర్ల ట్యూబుకు ఉంది. సైకిల్ పంపో, కారు బ్యాటరీతో నడిచే చిన్న ఇన్‌ఫ్లేటరో సొంతంగా ఉంచుకుని, మధ్యలో సిలికా జెల్ గుళికలు నింపిన చిన్న గొట్టం, దాని తర్వాత దుమ్ము ఆపే సన్నటి ఫిల్టరు పెడితే చాలు. రంగు మారే రకం గుళికలు తేమ పీల్చుకున్నాక ఆ సంగతి తామే చెబుతాయి, వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. రోజు చివర కాళ్లు దించి తాళం పడ్డాయని చూసుకుని, ట్యాంకు నోరు కిందికి ఉండేలా మోడల్‌ను వంచి గాలి వదిలితే తడి కూడా పోతుంది.

నింపేటప్పుడు తయారీదారు చెప్పిన పై హద్దు దాటకూడదు. 100 పీఎస్‌ఐ దగ్గర ఆ చిన్న ట్యాంకులో 90 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. కిలో బరువు 9 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అంత. పగుళ్లున్న ప్లాస్టిక్ ట్యాంకును వాడకూడదు, నింపేటప్పుడు ముఖం దాని మీదికి వంచకూడదు. మే నెల ఎండలో మూసిన కారులో నిండు ట్యాంకుతో మోడల్‌ను వదిలి వెళ్లకూడదు.

నేల కొట్టే దెబ్బ

గాలి అంతా సవ్యంగా ఉన్నా నేల వల్ల విరిగే కాళ్లు విరుగుతూనే ఉంటాయి. ఆరు కిలోల మోడల్ సెకనుకు 1.5 మీటర్ల వేగంతో కిందికి దిగి నేలను తాకిందనుకుందాం. కాలిలోని స్ప్రింగు 20 మిల్లీమీటర్లు కుంగి ఆ వేగాన్ని ఆపితే, రెండు ప్రధాన చక్రాల మీద కలిపి సగటున 34 కిలోల దెబ్బ పడుతుంది. స్ప్రింగు పట్టేసి ఐదు మిల్లీమీటర్లే కుంగితే అది నాలుగింతలై 138 కిలోలకు చేరుతుంది. ఆ స్ప్రింగు ఉండే స్ట్రట్ దుమ్ముతో బిగుసుకుపోతే దాన్ని నెలల తరబడి పట్టించుకోకపోవడానికి మూల్యం ఇదే. దెబ్బ మొదట తినేది స్ట్రట్ కూడా కాదు, కాలిని రెక్కకు బిగించిన చెక్క దిమ్మ. దిమ్మ జిగురు వదిలితే కాలు రెక్కలోంచి చీల్చుకుని బయటికొస్తుంది. చెక్క స్క్రూల కంటే ప్లైవుడ్ వెనక టీ-నట్లు పెట్టి బోల్టులు బిగించడం మేలు. కొందరు కావాలనే నైలాన్ బోల్టులు వాడతారు. పెద్ద దెబ్బకు బోల్టు తెగుతుంది, రెక్క మిగులుతుంది. గరుకు నేలలకు ఇది తెలివైన ఏర్పాటు, తెగిన బోల్టు మార్చడం పది నిమిషాల పని.

వెనక్కి లాగే దెబ్బ కిందినుంచి వచ్చే దెబ్బ కంటే ప్రమాదకరం, అది చక్రం చిన్నదయ్యేకొద్దీ పెరుగుతుంది. 70 మిల్లీమీటర్ల చక్రం ఒక సెంటీమీటరు ఎత్తున్న మట్టిగడ్డను ఎక్కడానికి, దాని మీద ఉన్న బరువుకు దాదాపు సమానమైన అడ్డ బలం కావాలి. 100 మిల్లీమీటర్ల చక్రానికి అందులో మూడు వంతులు చాలు. రేగడి నెర్రెలో చక్రం దిగబడితే ఈ లెక్క కూడా ఉండదు, చక్రం ఆగిపోతుంది, విమానం ముందుకు పోతుంది, ఇరుసు పిన్ను వంగుతుంది. స్కేలు నమూనా అందం కోసం చిన్న చక్రాలు పెట్టినవారు ఈ నేలల్లో వాటిని వదులుకోవాల్సిందే. రెక్క గూడులో పట్టినంత పెద్ద చక్రం, మెత్తటి టైరు ఉండాలి. రన్‌వేకు రేగడి కంటే మొరం పరిచి రోలరు తొక్కించిన పట్టీ మేలు. దాని మీద నీళ్లు చల్లి ఆరనిస్తే దుమ్ము కూడా అణుగుతుంది. పత్తి చేను పక్కనే ఉంటే, పట్టీ రెండు కొసలకు అవతల ఇంకో పాతిక మీటర్ల దాకా మోళ్లు తీసేయించాలి.

కాలు వేగంగా ఠపీమని దిగడం కూడా దానికదే ఒక దెబ్బ. గాలి బయటికి పోయే వైపు ట్యూబులో సన్నటి కంతగల రెస్ట్రిక్టరు పెడితే పిస్టన్ ముందు గాలి మెత్తగా అడ్డుపడి కాలు నెమ్మదిగా దిగుతుంది. లోపలికి వచ్చే గాలిని తగ్గిస్తే కదలిక కుదుపులతో ఆగి ఆగి సాగుతుంది గనుక బయటికి పోయే వైపే సరైన చోటు. మరీ ఎక్కువ బిగిస్తే చివరి మిల్లీమీటరు దగ్గర తాళం పడడం ఆలస్యమవుతుంది, దిగే ముందు చాలినంత సమయం ఇవ్వాలి.

గాలి అయిపోయాక

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఎగురుతుండగానే ట్యూబు ఊడిపోవచ్చు. అప్పుడేం జరగాలో నేల మీదే నిర్ణయించి పెట్టుకోవాలి. ఒక ఏర్పాటులో గాలి కాళ్లను పైకి మాత్రమే ఎత్తుతుంది, దించేది స్ప్రింగు. గాలి పోతే కాళ్లు వాటంతటవే కిందికి వస్తాయి. స్ప్రింగు బలం తక్కువ గనుక, ఎదురుగాలి కాళ్లను తెరుచుకునే వైపే నెట్టే విమానాలకు ఇది బాగా నప్పుతుంది. మరో ఏర్పాటులో ఎలక్ట్రానిక్ వాల్వు ఒత్తిడిని కనిపెట్టి ఉండి, నిర్ణయించిన హద్దు కిందికి పడగానే, మిగిలిన గాలితోనే కాళ్లు దించేస్తుంది. అది పనిచేయాలంటే ఆ హద్దు దగ్గర కాళ్లకు తాళం పడుతుందో లేదో బల్ల మీద ముందే చూసి ఉండాలి. ట్యాంకును కావాలనే ఆ ఒత్తిడికి దించి, మూడు కాళ్లూ తాళం వేసుకునేదాకా రెస్ట్రిక్టర్లు సరిచేసి, అప్పుడు హద్దును దానికి ఐదారు పీఎస్‌ఐ పైన పెట్టాలి.

గాలితో సంబంధం లేకుండా జరిగే ఒక ప్రమాదం ట్రాన్స్‌మిటర్ స్విచ్‌ది. స్విచ్ ముడిచే వైపు ఉండగా మోడల్‌కు కరెంటు ఇస్తే, విమానం నిలబడిన చోటే కాళ్లు ముడుచుకుని పొట్ట మీద కూలబడుతుంది, ప్రొపెల్లరో తలుపు రేకులో విరుగుతాయి. స్విచ్ తప్పు వైపు ఉంటే హెచ్చరించే సదుపాయం చాలా ట్రాన్స్‌మిటర్లలో ఉంది, దాన్ని పెట్టుకోవాలి.

ఒక కాలు దిగకపోతే మిగిలిన రెంటినీ కూడా ముడిచి, పచ్చిక మీద పొట్టతో దించడమే తక్కువ నష్టం. ఒంటి కాలు మీద దిగితే విమానం గిర్రున తిరిగి రెక్కను నేలకు కొడుతుంది. అలా దిగాక కాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించినా, తిరిగి ఎగరేసే ముందు ప్రతి కాలినీ దిమ్మ నుంచి విప్పి చూడాలి. ఇరుసు పిన్నును గాజు పలక మీద దొర్లిస్తే వంకర తెలుస్తుంది. గాడి వంపు దగ్గర పిన్ను తొక్కిన గుంత పడి ఉంటే ఆ చేయిని మార్చాలి. దిమ్మ చుట్టూ జిగురు గీతను టార్చి లైటుతో అడ్డంగా వెలుగు పడేలా చూస్తే వెంట్రుకంత పగులు కూడా కనిపిస్తుంది. గూళ్లలో ఇరుక్కున్న మట్టి తీసేసి, రాడ్లు తుడిచి, రెండు స్థితుల్లోనూ గంటసేపు గేజి పరీక్ష చేశాకే మళ్లీ ఎగరేయాలి.